దిగిపోయినవాడి మీద తీర్పు

విజయవాడ దాటాక ఎదురు సీటు మనిషి తన కథ మొదలుపెడతాడు. ఎవరూ పని గట్టుకుని అడగరు. "ఎందాకండీ?" అన్న ఒక్క మాట చాలు. తమ్ముడు పొలం రాయించుకున్న వైనం, భార్య జబ్బు, నమ్మి హామీ సంతకం పెడితే ఊరొదిలి పారిపోయిన స్నేహితుడు, ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. వినేవాళ్ళు పల్లీలు ఒలుచుకుంటూ "అయ్యో" అంటారు. "మరి పెద్దమనుషుల్లో పెట్టలేదా?" అని అడుగుతారు. ఖమ్మంలో ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, అందరికీ ఓ దణ్ణం పెట్టి దిగిపోతాడు. బండి ప్లాట్‌ఫారం దాటిందో లేదో పెట్టెలో విచారణ మొదలవుతుంది. "అంతా కట్టుకథండీ. అంత చితికిపోయినవాడి చేతికి ఆ వాచీ ఎక్కడిది?" అంటాడు కిటికీ పక్కాయన. "అలా అనకండి పాపం. భార్య సంగతి చెప్తుంటే గొంతు పూడుకుపోలేదూ?" అంటుంది ఎదురుగా ఉన్నావిడ. పై బెర్తు మీది కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "నిజమో అబద్ధమో గానీ భలే చెప్పాడు" అని మళ్ళీ పెట్టేసుకుంటాడు.

మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ లేని అనుమానం అతను దిగిపోగానే ఎక్కణ్ణించి ఊడిపడుతుంది? అప్పటిదాకా మొహమాటం ఆపిందా? లేక కథ అయిపోయాక తీర్పు చెప్పకపోతే విన్నవాడికి తోచదా? ఆ మనిషి మళ్ళీ కనబడడు, వాచీ ఎక్కడిదో ఎప్పటికీ తేలదు. అయినా వరంగల్ వచ్చేదాకా వాదన తెగదు.

సరిగ్గా ఇలాంటి వాదనే ఒక చిన్న అమెరికన్ సినిమా చుట్టూ ఎనభై ఏళ్ళుగా నడుస్తోంది. పేరు 'డీటూర్'. 1945లో వచ్చింది. నిడివి గంటా పది నిమిషాలు కూడా ఉండదు. తీసిన సంస్థ ప్రొడ్యూసర్స్ రిలీజింగ్ కార్పొరేషన్, పొట్టిగా పి.ఆర్.సి. హాలీవుడ్‌లో పెద్ద స్టూడియోల నీడన చవకగా, హడావిడిగా సినిమాలు చుట్టేసే కంపెనీలన్నిటినీ కలిపి 'పావర్టీ రో' అనేవాళ్ళు. ఆ పేదల వీధిలో కూడా పి.ఆర్.సి.ది చివరి ఇల్లే. దర్శకుడు ఎడ్గార్ ఉల్మర్ మొరావియాలో పుట్టి, వియన్నాలో పెరిగి, జర్మనీలో దర్శకుడు మూర్నౌ దగ్గర పనిచేసి వచ్చినవాడు. 1934లో యూనివర్సల్ స్టూడియోకి 'ది బ్లాక్ క్యాట్' తీసిపెట్టాడు, అది బాగానే ఆడింది. ఆ వెంటనే స్టూడియో యజమాని బంధువు భార్యను ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. పెద్ద స్టూడియోల తలుపులు మూసుకుపోయాయి. అందుకే ఈ వీధిలో పడ్డాడు.

కథ ఒకడు చెప్పుకునేది. నెవాడాలోని రీనోలో, రోడ్డు పక్క హోటల్లో మాసిన గడ్డంతో కూర్చున్న అల్ రాబర్ట్స్ తన గతం తలుచుకుంటాడు. న్యూయార్క్‌లో ఓ క్లబ్బులో పియానో వాయించేవాడు. ప్రేమించిన పిల్ల సూ సినిమా అవకాశాల కోసం హాలీవుడ్ వెళ్ళిపోయింది. చేతిలో డబ్బుల్లేక, దారిలో కార్లు ఆపి లిఫ్టు అడుక్కుంటూ దేశం ఆ చివరికి బయల్దేరాడు. హాస్కెల్ అనే పందేల వ్యాపారి ఎక్కించుకున్నాడు. అతని చేతి మీద లోతైన గోళ్ళ గాట్లు. ఎక్కించుకున్న ఆడపిల్ల ఒకతె రక్కిందని చెప్పుకున్నాడు. రాత్రి వాన. కారు పైకప్పు వేద్దామని అల్ ఆపాడు, హాస్కెల్ లేవలేదు. అటువైపు తలుపు తీస్తే కిందపడి తల రాతికి తగిలింది. అప్పటికే పోయాడో, పడి పోయాడో తెలియదు. పోలీసులు నమ్మరని భయపడి అల్ ఆ శవాన్ని దాచి, అతని బట్టలు వేసుకుని, అతని డబ్బుతో, అతని పేరుతో కారు నడుపుకుంటూ పోయాడు. ఇదంతా అల్ చెప్పిన మాట. సాక్షి ఒక్కడే, ముద్దాయీ అతనే.

మర్నాడు ఒక పెట్రోలు బంకు దగ్గర ఓ అమ్మాయి నిలబడి ఉంటే అతనే పిలిచి ఎక్కించుకుంటాడు. ఆమె వెరా. కాసేపు కునుకు తీస్తుంది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, ఈ కారు అసలు యజమాని శవాన్ని ఎక్కడ పారేశావని నిలదీస్తుంది. హాస్కెల్‌ను రక్కింది ఆమే. లూసియానా నుంచి అతని కార్లోనే వచ్చింది. అల్ తన కథంతా మళ్ళీ చెప్తాడు: వాన, తలుపు, రాయి. ఆమె ఒక్క ముక్క నమ్మదు. నవ్వేస్తుంది. అక్కణ్ణించి అతను ఆమె చెప్పినట్టల్లా ఆడాలి. కారు అమ్మాలి. ఆపైన చావుబతుకుల్లో ఉన్న హాస్కెల్ తండ్రి దగ్గరికి కొడుకునని చెప్పుకుని వెళ్ళాలి, ఆస్తి కోసం. లాస్ ఏంజిలెస్‌లో అద్దె గదిలో తాగి పోట్లాడుకుంటారు. ఆమె పోలీసులకు చెప్తానని ఫోను తీసుకుని పడకగదిలోకి పోయి గడియ పెట్టుకుంటుంది. తీగ మెడకు చుట్టుకుంటుంది. ఇవతల నుంచి అతను ఆ తీగ పట్టుకుని లాగుతాడు. ఫోను ఊడిరావాలని, అంతేనట.

ఒకే మనిషి దగ్గర, ఒకే వారంలో, రెండు చావులు. రెండూ ప్రమాదాలే.

చూసినవాళ్ళు ఇక్కడే చీలిపోతారు. కొందరికి అల్ పాపం. రాత బాగోలేనివాడు, ఏ పక్కకు తిరిగినా దెబ్బ తినేవాడు. ఆ రోజుల్లో చాలామంది అలాగే చూశారు, సినిమా కూడా పైపైన ఆ మాటే అంటుంది. మరికొందరికి ఇది అబద్ధాలకోరు వాంగ్మూలం. ఆండ్రూ బ్రిటన్ అనే విమర్శకుడు ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చాడు. తెర మీద కనిపించేది జరిగింది కాదనీ, జరిగిందని అల్ మనల్ని నమ్మించాలనుకుంటున్నదనీ ఆయన లెక్క. మరో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 1998లో తన 'గొప్ప సినిమాలు' వరసలో దీని గురించి రాస్తూ ఆ వాదాన్ని గుర్తుచేశాడు. ఇక మూడో రకం చూపరులున్నారు. వాళ్ళకి అల్ నిజం చెప్పాడా లేదా అన్నది పట్టదు. చెప్పిన తీరు, ఆ మొహం మీద చీకట్లో కళ్ళ దగ్గర మాత్రమే పడే వెలుగు, వాన, వైపర్ల చప్పుడు, అవి చాలు. వీళ్ళని తేలిగ్గా తీసిపారెయ్యలేం. బహుశా సినిమాను బతికించింది వీళ్ళే.

ఎందుకంటే బతకాల్సిన సినిమా కాదిది. కాపీరైటు రెన్యూ కాక అందరి సొత్తయింది. అరిగిపోయిన ప్రింట్లు, గీతలు పడ్డ కాపీలు అమెరికన్ టీవీలో అర్ధరాత్రి వేళ వచ్చేవి. తరవాత చవక వీడియో క్యాసెట్లు, చవక డీవీడీలు. మసకబారిన బొమ్మలో, గరగరలాడే శబ్దంలో చూసినవాళ్ళే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఫ్రాన్సులో ఉల్మర్‌కి ముందే అభిమానులు పుట్టారు. ఆయన తీసిన మరో చిన్న సినిమా చూసి యువ విమర్శకుడు ట్రూఫో మెచ్చుకుంటూ రాశాడు. 1992లో 'డీటూర్' అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలోకి ఎక్కింది. 2018లో శుభ్రం చేసిన కొత్త ప్రతి వచ్చింది. దానికి ఆధారం బెల్జియంలో దొరికిన పాత నైట్రేట్ ప్రింటు. దాని మీద ఫ్రెంచి, ఫ్లెమిష్ సబ్‌టైటిళ్ళు అచ్చుపడి ఉంటే, ఒక్కో ఫ్రేములోంచి వాటిని తుడిచారు. ఇంత శుభ్రంగా చూడగానే కొందరు పాత అభిమానులకి ఏదో వెలితి అనిపించి ఉంటే తప్పు పట్టలేం. అల్ లాంటివాడి కథ మాసిన ప్రింటులోనే నమ్మబుద్ధవుతుందేమో!

ఆ మాసినతనం గురించే అసలు వాదన. డబ్బు లేకపోవడం ఈ సినిమాలో దాచినా దాగదు. న్యూయార్క్ వీధి కావాలి, సెట్టుకి డబ్బులేదు. పొగమంచు వదిలారు. అల్, సూ ఆ పొగలో నడుస్తుంటారు, వీధి దీపం ఒకటి, వీధి పేరు పలక ఒకటి, అంతే ఊరు. కారు ప్రయాణాలన్నీ నిలబెట్టిన కారు వెనక తెర మీద పరిగెత్తే రోడ్డు. అన్నిటికన్నా పేరుపడ్డ పొరపాటు ఇంకొకటుంది. అల్ లిఫ్టు అడుక్కుంటూ పోయే కొన్ని షాట్లలో అమెరికా కార్లు రోడ్డుకు ఎడమ పక్కన పోతుంటాయి, స్టీరింగు కుడివైపుంటుంది. తూర్పు నుంచి పడమరకి పోతున్నట్టు, మ్యాపులోలాగా కుడి నుంచి ఎడమకి కనిపించాలని ఫిల్ముని తిరగేసి అచ్చువేశారు. అమెరికా ప్రేక్షకుడు ఉలిక్కిపడే చోటు ఇది. హైదరాబాదులోనో గుంటూరులోనో చూసేవాడికి అక్కడ తప్పేదీ కనబడదు. ఎడమ పక్కన పోయే కారు, కుడివైపు స్టీరింగు, ఇంటి ముందు రోడ్డే కదా. ఎవరైనా చెప్తే తప్ప అతను దాన్ని దాటి పోతాడు. ఒకరి కంటికి సినిమాలోకెల్లా పెద్ద లోపం ఇంకొకరి కంటికి లేనే లేదంటే, లోపం తెర మీదుందా, చూసేవాడి వీధిలో ఉందా?

అల్‌ని నమ్మనివాళ్ళు ఈ తిరగేసిన షాట్లను కూడా సాక్ష్యంలో పెట్టుకుంటారు. చూశారా, లోకమే తలకిందులైంది, ఇది జ్ఞాపకం కాదు, పీడకల అంటారు. పొగమంచు డబ్బులేక వదిలింది కాదు, అల్‌కి ఆ రాత్రి సూ తప్ప ఏమీ గుర్తులేదు గనక వదిలింది అంటారు. వినడానికి బాగుంటుంది. మరీ బాగుంటుంది, అదే అనుమానం. పేదవాడి ఇంట్లో గోడకు సున్నం లేకపోతే, అది కావాలనే అలా వదిలేశారని మెచ్చుకోవడంలాంటిదేమో ఇది. ఖర్చు తగ్గించుకోడానికి చేసిన పనికీ, కావాలని చేసిన పనికీ తేడా చూడాల్సిన బాధ్యత విమర్శకుడికి ఉండదా? ఉంటుంది గానీ, ఉల్మర్ విషయంలో ఆ గీత గియ్యడం కష్టం. మూర్నౌ దగ్గర నీడల విద్య నేర్చుకున్నవాడికి, డబ్బు లేనప్పుడు వెలుగు తగ్గిస్తే సరిపోతుందని తెలుసు. గతిలేక వదిలిన పొగను ఎక్కడ ఎంత వదలాలో మాత్రం గతిలేక నిర్ణయించలేదు.

ఇంకో తమాషా ఉంది. ఈ సినిమా ఆరు రోజుల్లో తీశానని ఉల్మర్ ముసలితనంలో చెప్పుకున్నాడు. కొత్త తరం దర్శకుడు పీటర్ బొగ్డనోవిచ్ టేపు రికార్డరు పెట్టుకుని కూర్చుంటే అతనికి అలాంటి కథలు చాలా చెప్పాడు. ఆరు రోజులు, చేతిలో చిల్లర డబ్బులు, అయినా కళాఖండం! దశాబ్దాలపాటు ప్రతి వ్యాసంలోనూ ఆ ఆరు రోజులు తిరిగాయి. తరవాత పరిశోధకులు కాగితాలు తిరగేస్తే షూటింగు అంతకు రెట్టింపు పైనే పట్టిందనీ, ఖర్చు లక్ష డాలర్లు దాటిందనీ తేలింది. పెద్ద స్టూడియో లెక్కలో అది చిల్లరే. కానీ పి.ఆర్.సి. మామూలు సినిమాకి అది ఎక్కువే. అంటే, నమ్మలేని కథకుడి గురించి సినిమా తీసినవాడు తానూ కొంచెం నమ్మలేని కథకుడే. ఆయన చెప్పింది అబద్ధమనాలా, పాతబడ్డ జ్ఞాపకం పెంచి చెప్పిందనాలా? ఎదురు సీటు మనిషి వాచీ సంగతి ఎంతో ఇదీ అంతే. ఆరు రోజుల మాట నమ్మి సినిమాను ప్రేమించినవాళ్ళలో చాలామంది, అది తేలిపోయాక కూడా ప్రేమ మానుకోలేదు. మెచ్చుకోడానికి కారణం మాత్రం కొత్తది వెతుక్కున్నారు.

అభిప్రాయాలు సినిమా బయటి సంగతులతో కూడా మారతాయి. అల్‌గా వేసిన టామ్ నీల్ 1965లో భార్య తుపాకీ గుండు తగిలి చనిపోయిన కేసులో అరెస్టయ్యాడు. ఉద్దేశం లేని హత్య కింద శిక్షపడి, ఆరేళ్ళు జైల్లో ఉండి వచ్చి, 1972లో పోయాడు. ఆ సంగతి తెలిశాక అల్ చెప్పే "ప్రమాదం" మాట చెవికి వేరేలా వినిపిస్తుంది. వినిపించకూడదు. ఇరవై ఏళ్ళ తరవాత నటుడి ఇంట్లో జరిగినదానికి 1945 నాటి పాత్రను బాధ్యుణ్ణి చెయ్యడం ఏ న్యాయం? అయినా ఒకసారి తెలిసినదాన్ని తెలియనట్టు చూడలేరు. 1992లో ఈ కథనే మళ్ళీ తీసినప్పుడు అల్ పాత్ర వేసింది టామ్ నీల్ కొడుకే. అప్పుడు చూసినవాళ్ళు ఎవర్ని చూశారో, పాత్రనా, తండ్రినా?

దారి సినిమాల్లో అపరిచితులు తమ గురించి చెప్పుకునే పద్ధతి ఒక్కటే కాదు. మాంటీ హెల్‌మన్ 1971లో తీసిన 'టూ లేన్ బ్లాక్‌టాప్'లో డ్రైవరు, మెకానిక్కు, వాళ్ళ పాత 1955 షెవర్లే, వాళ్ళతో ఎక్కిన ఓ అమ్మాయి. ఎవరికీ పేర్లుండవు, ఎవరూ తమ గురించి ఏమీ చెప్పరు. వాళ్ళతో పందెం కాసిన పసుపుపచ్చ కారు మనిషి (వారెన్ ఓట్స్ వేశాడు) దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. దారిలో ఎక్కించుకున్న ప్రతివాడికీ తన కథ చెప్తాడు, చెప్పిన ప్రతిసారీ కథ వేరు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 'ఎస్క్వైర్' పత్రిక స్క్రిప్టు మొత్తం అచ్చువేసి, ఇదే ఈ ఏటి సినిమా అని విడుదలకు ముందే చాటింది. సినిమా వచ్చింది, జనం రాలేదు. ఏమీ చెప్పని కుర్రాళ్ళ మీద ప్రేక్షకుడికి విసుగు పుట్టింది. రోజుకో అబద్ధం చెప్పే నడివయసు మనిషి మీద మాత్రం చాలామందికి జాలి కలిగింది. నిజం దాచినవాడి కన్నా అబద్ధం చెప్పినవాడే చుట్టమనిపించాడన్న మాట. కనీసం వాడు మాట్లాడాడు.

తెలుగులో ఈ తరహా సినిమా అనగానే 2008 నాటి 'గమ్యం' గుర్తొస్తుంది. దర్శకుడు క్రిష్‌కి అదే తొలి చిత్రం, 'ది మోటార్‌సైకిల్ డైరీస్' తనకు ప్రేరణ అని చెప్పుకున్నాడు. డబ్బున్న కుర్రాడు అభిరామ్ పందెం కోసం జానకిని ప్రేమించినట్టు నటిస్తాడు, నిజం బయటపడి ఆమె దూరమైతే మోటార్‌సైకిలు మీద వెతుక్కుంటూ పోతాడు. దారిలో తోడు దొరికినవాడు గాలి శీను, బళ్ళు దొంగిలించేవాడు. పెద్దమనిషి అబద్ధం ఆడినవాడు, దొంగ నిక్కచ్చిగా మాట్లాడేవాడు. ఆ తిరగేత మీద సినిమా నిలబడింది. అల్లరి నరేశ్‌కి ఫిల్మ్‌ఫేర్ సహాయ నటుడి అవార్డు తెచ్చిందీ ఆ దొంగే. సినిమా మీద మాటల్లో కొందరికి దారిలో తగిలే మనుషుల కష్టాలు పాఠాల్లా అనిపించాయి, కొందరికి అవే సినిమా. గాలి శీను దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత వాదన ఉండదు. ఎందుకంటే అభిరామ్ మారాడని తెర మీద కనబడుతుంది, శీనుని నమ్మొచ్చని తెర మీద రుజువవుతుంది. తీర్పు సినిమాయే ఇచ్చేస్తుంది. 'డీటూర్' ఇవ్వదు. చివర్లో పోలీసు కారు వచ్చి అల్‌ని ఎక్కించుకుంటుంది గానీ, నేరం చేసినవాడు తప్పించుకున్నట్టు చూపకూడదన్న ఆనాటి సెన్సారు నియమం పెట్టించిన అరెస్టు అది. అదీ నిజంగా జరిగిందో, జరుగుతుందని అతను ఊహించుకున్నాడో తేల్చలేం.

ఇంత వాదనలోనూ చాలాకాలం ఎవరూ అడగని మాట వెరాది. ఆమె దయ్యం, జలగ, సినిమాల్లోకెల్లా కర్కశమైన ఆడది అని రాశారు. యాన్ సావేజ్ ఆ పాత్రను పళ్ళు బిగించి, ఎక్కడా మెత్తబడకుండా వేసింది నిజమే. కానీ వెరా గురించి తెలిసిందంతా చెప్పింది ఎవరు? ఆమె మెడకు చుట్టుకున్న తీగ లాగినవాడు. ఆమెకి దగ్గుంది, క్షయ అన్న సూచన ఉంది. హాస్కెల్ ఆమె మీద చెయ్యి వేశాడనీ, ఆమె రక్కి బయటపడిందనీ అల్ కథలోంచే తెలుస్తుంది. ఆ చెయ్యి వేసినవాడి కార్లో, ఆ చెయ్యి వేసినవాడి బట్టలు వేసుకున్న మరో మగాడు రోడ్డు మీద పిలిస్తే మళ్ళీ ఎక్కింది. పక్కన కూర్చుని, అతను చెప్పిన ప్రమాదం కథ విని, నమ్మలేదు. అల్‌ని మొదట అనుమానించింది ఆండ్రూ బ్రిటన్ కాదు, వెరా. సినిమా లోపలే కూర్చుని, ఒక్కసారి విని, ఆమె ఇచ్చిన అభిప్రాయం అందరికన్నా ముందుది. దానికి ఆమె చెల్లించిన ధర కూడా అందరికన్నా ఎక్కువ.

యాన్ సావేజ్ 'డీటూర్' తరవాత కొన్నేళ్ళకే సినిమాలకు దాదాపు దూరమైపోయింది. ఎనభై దాటిన వయసులో కెనడా దర్శకుడు గై మాడిన్ తన ఊరి మీద తీసిన 'మై విన్నిపెగ్'లో తన తల్లి పాత్ర కోసం ఆమెను పిలిచాడు. 2007లో ఆ సినిమా వచ్చింది, మరుసటి ఏడాది ఆమె పోయింది. అందులో ఒక సన్నివేశం. రాత్రిపూట ఇంటికొచ్చిన కూతురు, రోడ్డు మీద కారుకి జింక అడ్డం వచ్చి గుద్దుకుందని చెప్తుంది. కారు మీద రక్తం, వెంట్రుకలు ఉన్నాయి. తల్లి కూతుర్ని ఎదురుగా నిలబెట్టి, జింక కథ ఒక్క ముక్క నమ్మకుండా, ఎవడు వాడని గుచ్చి గుచ్చి అడుగుతుంది.